కరిచేది జాతి ఒక్కటేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మా మిర్యాలగూడలో పెంపుడు కుక్క ఎవరినైనా కరిస్తే చాలు, దాని జాతే అంత, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని తేల్చేస్తారు. 2024 మార్చిలో కేంద్రం కూడా 23 జాతులు ప్రమాదకరమైనవంటూ రాష్ట్రాలకు లెటర్ పంపింది, ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది, అది వేరే కథ.

రక్తంలో ఏమీ లేదని నేననను. రష్యాలోని నొవోసిబిర్స్క్‌లో 1959 నుంచి తరం తరంలోనూ మనుషులంటే బెదరని నక్కల్నే ఏరి పిల్లలు పెట్టిస్తూ పోతే, కొన్ని తరాలకే తోకలూపుకుంటూ మనుషుల దగ్గరికొచ్చే నక్కలు తయారయ్యాయి. కానీ అమెరికాలో పద్దెనిమిది వేలకు పైగా కుక్కల్ని పరిశీలించి 2022లో అచ్చువేసిన పరిశోధనలో, కుక్కకూ కుక్కకూ ప్రవర్తనలో ఉండే తేడాలో జాతి వాటా 9 శాతమేనని తేలింది. మిగతాదంతా పెంపకమేనని కాదు, ఒకే జాతిలోనూ జీన్స్ తేడాలుంటాయి, అయినా జాతి పేరు చూసి తీర్పు చెప్పేయడానికి 9 శాతం సరిపోతుందా?

పెంపకం సంగతి కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీ ఎలుకల్లో బాగా కనపడుతుంది. పుట్టిన మొదటి వారంలో తల్లి బాగా నాకిన పిల్లలు పెద్దయ్యాక టెన్షన్ తట్టుకున్నాయి, సరిగా నాకనివి ఊరికే బెదిరిపోయాయి. పిల్లల్ని మార్చి పెంచితే కన్నతల్లి కాదు, పెంచిన తల్లి పోలికే వచ్చింది. జీన్ మారలేదు, దాని మీద పడే రసాయన గుర్తులు మారాయి, వాటిని బట్టి ఆ జీన్ ఎంత పనిచేయాలో తేలుతుంది.

కుక్కపిల్లకు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా కీలకం, మనుషులకు, చప్పుళ్లకు, తోటి కుక్కలకు అలవాటు పడేది అప్పుడే. మా దగ్గర ఆ వయసులో దాన్నేం చేస్తున్నారో చూడండి, నెల నిండీ నిండకముందే తల్లి దగ్గర్నుంచి లాగి, అట్టపెట్టెలో పెట్టి అమ్ముతారు, కొన్నవాళ్లు మెట్ల కింద గొలుసేసి కట్టేస్తారు, ఏడాది తిరక్కముందే అది పక్కింటి పిల్లాడి పిక్క పట్టుకుంటే మళ్లీ జాతి మీదకే తోసేస్తారు! అదే గొర్ల మందలో కళ్లు తెరిచిన కుక్క గొర్రెపిల్లల మధ్యే పడుకుని పెరుగుతుంది, వాటి జోలికి పోదు.

ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నుంచే కేంద్రం రూల్ ఉంది. మా ఊళ్లో ఎవరైనా వెళ్లి అడిగినట్టు నేనైతే వినలేదు. మున్సిపాలిటీ వాళ్లు, పశువైద్య శాఖ వాళ్లు కలిసి అమ్మే చోట్ల ఒకసారి తిరగాలి, పాలపళ్లయినా పూర్తిగా రాని పిల్ల కనపడితే అక్కడికక్కడే కేసు రాయాలి.

– ఒక పాఠకుడు, మిర్యాలగూడ