కూల్చినవాళ్లే మళ్లీ కట్టాలి

సంపాదకులు గారికి,

ఇంగ్లండ్‌లో స్టాఫర్డ్‌షైర్ జిల్లా హిమ్లీ ఊరి దగ్గర ‘క్రూకెడ్ హౌస్’ (వంకర ఇల్లు) అని ఒక పబ్బు ఉండేది. 2023 ఆగస్టు 5 రాత్రి తగలబడింది, 7వ తేదీకల్లా నేలమట్టం చేసేశారు. మందు దుకాణం పోతే ఏడవడం దేనికి అని మనవాళ్లు కొందరు అంటున్నారు. అక్కడి పల్లెల్లో పబ్బు అంటే మన రచ్చబండ లాంటిది, ఊరంతా కలిసేది అక్కడే.

1765లో రైతు ఇల్లుగా కట్టారు, 1830ల నాటికి పబ్బయింది, ఆ భూమి యజమాని సర్ స్టీఫెన్ గ్లిన్ ఇంటిపేరు మీద గ్లిన్ ఆర్మ్స్ అని బోర్డు పెట్టారు. కింద బొగ్గు తవ్వేయడంతో నేల కుంగి, ఒక పక్క రెండో పక్క కన్నా దాదాపు నాలుగడుగులు దిగిపోయింది. లోపల బల్ల మీద గోలీ పెడితే ఎగువకు దొర్లుతున్నట్టు కనిపించేది, నిటారుగా వేలాడే గడియారం వంకరగా ఉందనిపించేది, అది చూడ్డానికే ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేవాళ్లు. 1940లలో ప్రమాదకరమని తేల్చి పడగొట్టేద్దామనుకుంటే, వుల్వర్‌హాంప్టన్ అండ్ డడ్లీ అనే బీరు కంపెనీ కొని, గోడలకు ఆనుడు కట్టించి, ఇనుప కమ్ములు బిగించి నిలబెట్టింది. అదే కంపెనీ తర్వాత మార్స్టన్స్‌గా పేరు మార్చుకుని, 2023 జులైలో దీన్ని అమ్మేసింది. అమ్మిన కొద్ది రోజులకే మంటలు.

నాకు మండిపోయేది ఇక్కడే. వారసత్వ కట్టడంగా గుర్తించమని అప్పటికే అర్జీ వెళ్లింది, అది పరిశీలనలో ఉంది. అగ్నిప్రమాదం తర్వాత పై అంతస్తులో కొంత భాగం తీయడానికే అక్కడి స్థానిక కౌన్సిల్ ఒప్పుకుంది, మొత్తం కూల్చడానికి కాదు. అయినా కూల్చేశారు. మళ్లీ ఉన్నదున్నట్టు మూడేళ్లలో కట్టాలని 2024 ఫిబ్రవరిలో సౌత్ స్టాఫర్డ్‌షైర్ కౌన్సిల్ నోటీసు ఇచ్చింది.

ఇది జరిగే పని కాదనేవాళ్లు లండన్‌లో కార్ల్టన్ టావెర్న్ చూడాలి. 2015లో అనుమతి లేకుండా కూల్చిన ఆ పబ్బును పట్టుబట్టి మళ్లీ కట్టించారు, 2021లో తెరిచారు. స్థానికులు వదలకుండా వెంటపడ్డారు కాబట్టే అయింది.

మన సంగతీ చెప్పాలి. హైదరాబాద్‌లో పాత కట్టడాలను కాపాడిన నిబంధన 13ను 2015లో ఎత్తేశారు, 2017లో కొత్త వారసత్వ చట్టం తెచ్చారు. ఎన్ని చట్టాలున్నా అర్జీ ఫైల్లో ఉండగానే గోడలు పడిపోతే ఏం లాభం? అర్జీ అందిన రోజు నుంచి నిర్ణయం వచ్చేదాకా కూల్చివేత ఆపే నియమం రావాలి, అడ్డంగా కూల్చినవాళ్లకు జరిమానాతో సరిపెట్టకుండా వాళ్ల ఖర్చుతోనే అలాగే కట్టించాలి. దీని మీద మీ పత్రిక అధికారులను అడగాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, హైదరాబాద్