మంచు మీద బాస్కెట్‌బాల్

టొరంటో,
శనివారం రాత్రి

ఒరేయ్ కిశోరూ,

జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు ముందు నోరారా తిట్టేయ్, ఆ తర్వాత చదువు. ఇల్లు మారాం. ఆఫీసులో ఏడాది చివరి లెక్కల గోల. మధ్యలో చంటిదానికి జ్వరం. ఇప్పుడు అందరం బాగున్నాం. అట్టపెట్టెలు ఇంకా సగం విప్పలేదు. లలితకి కొత్త ఉద్యోగం నచ్చింది. నువ్వడిగిన కాగితాలు సోమవారం పంపిస్తాను. ఇంటి కబుర్లు ఇంతే.

ఇక అసలు సంగతి. బాస్కెట్‌బాల్ కోర్టు కింద మంచు ఉంటుందిరా! నిజం మంచే. మా ఊరి బాస్కెట్‌బాల్ జట్టు రాప్టర్స్ పరుగులు పెట్టే ఆ చెక్క నేల కింద, ఐస్ హాకీ వాళ్ళ మంచు కరగకుండా అలాగే ఉంటుంది. ఇది నీకు చెప్పాలని అప్పట్నుంచీ ఆగలేకపోతున్నాను. ఫోన్ చేస్తే నువ్వు మధ్యలో అందుకుని వాదన మొదలుపెడతావు. అందుకే ఉత్తరం. ఇందులో నువ్వు అడ్డం రాలేవు.

మొన్న ఆఫీసువాళ్ళతో రాప్టర్స్ ఆటకి వెళ్ళాను. ఎవరో రాలేకపోవడంతో కోర్టుకి బాగా దగ్గర సీట్లు మాకు దక్కాయి. రెండో క్వార్టర్ వచ్చేసరికి పాదాలు చల్లబడ్డాయి. ఒళ్ళంతా వెచ్చగానే ఉంది, కాళ్ళకి మాత్రం చలి. మా వరుస దగ్గర నిలబడి టికెట్లు చూసే ఆవిడని అడిగితే, "కింద మంచుంది కదా" అంది, ఊరందరికీ తెలిసిన విషయంలాగా. సగం ఆట అయ్యాక విరామంలో ఆవిడని వదల్లేదు నేను. హాకీ సీజన్ నడుస్తున్నంత కాలం మంచు తీయరట. మందం ఒక అంగుళం, అటూ ఇటూగా. దాని అడుగున కాంక్రీటులో గొట్టాలు, వాటిలో గడ్డకట్టని చల్లటి ద్రవం తిరుగుతూ ఉంటుంది. పైన వేడి తగలకుండా పలకలు పరిచి, వాటి మీద చెక్క కోర్టుని ముక్కలుగా తెచ్చి బిగిస్తారు. హాకీ రోజు వస్తే అదంతా విప్పి, చుట్టూ అద్దాలు నిలబెట్టి, మంచుని నున్నగా చేస్తారు. కొన్ని గంటల పని. ఒక రాత్రి మా హాకీ జట్టు లీఫ్స్ ఆడి వెళ్తే మర్నాడు అక్కడే రాప్టర్స్. రెండు జట్లూ ఒకే కంపెనీవి కూడా.

మీ డాలస్‌లోనూ అంతే. బాస్కెట్‌బాల్ ఆడే మావరిక్స్‌కీ హాకీ ఆడే స్టార్స్‌కీ ఒకటే హాలు కదా. న్యూయార్క్‌లో నిక్స్‌కీ రేంజర్స్‌కీ, బోస్టన్‌లో సెల్టిక్స్‌కీ బ్రుయిన్స్‌కీ, షికాగోలో బుల్స్‌కీ బ్లాక్‌హాక్స్‌కీ కూడా. బాస్కెట్‌బాల్ పెద్దదా, హాకీ పెద్దదా అని మనం ఇన్నేళ్ళుగా గొంతులు చించుకుంటున్నాం. ఆ రెండూ ఒకే కప్పు కింద కాపురం చేస్తున్నాయి.

సరే, బాస్కెట్‌బాలే పెద్దదన్న నీ వాదన నేనే చెప్పేస్తాను, నువ్వు మళ్ళీ ఎత్తుకోకుండా. డబ్బు చూస్తే అమెరికాలో పోటీ లేదు. బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 2025-26 సీజన్ నుంచి 11 ఏళ్ళ టీవీ హక్కుల్ని దాదాపు 7,600 కోట్ల డాలర్లకి ఇచ్చింది. డిస్నీ, ఎన్‌బీసీ, అమెజాన్ పంచుకున్నాయి. ఏడాదికి 690 కోట్లు పడుతుంది. అమెరికా టీవీ నుంచి హాకీ లీగ్ ఎన్‌హెచ్ఎల్‌కి వచ్చేది ఏడాదికి 62 కోట్ల చిల్లర. పదకొండు రెట్లు తేడా! ఒప్పుకున్నాను. బల్ల చరుచుకో.

చరుచుకున్నావా? ఇప్పుడు ఇది చూడు. 2025-26 సీజన్లో రెండు లీగ్‌లలోనూ ఒక్కో జట్టుకి 82 ఆటలే. రెండూ అక్టోబర్‌లో మొదలై ఏప్రిల్ దాకా, ఆపైన జూన్ దాకా విజేత ఎవరో తేల్చే ప్లేఆఫ్స్. మరి హాల్లో కూర్చుని చూసే జనం ఎంతమంది? ఎన్‌బీఏ ఆటకి సగటున 18 వేల మంది, ఎన్‌హెచ్ఎల్ ఆటకి 17 వేల పైన. అంతేరా! టీవీ దగ్గర పదకొండు రెట్లున్న తేడా, తలుపు దాటి లోపలికి వెళ్తే వెయ్యి మందికి కాస్త అటూ ఇటూ. ఎందుకని? ఈ ప్రశ్న నన్ను రెండు రాత్రులు సరిగ్గా పడుకోనివ్వలేదు. అందుకే ఆ వారంలోనే లీఫ్స్ ఆటకి వెళ్ళాను, ఒక్కణ్ణే, పైన చివరి వరుసల్లో.

మొదట నాకు పక్ కనపడనే లేదు. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న నల్లటి రబ్బరు బిళ్ళ అది. మంచు మీద ఎగిరిపడకుండా జారాలని ఆటకి ముందు దాన్ని గడ్డకట్టిస్తారు. నా పక్కన వెలిసిపోయిన నీలం జెర్సీ వేసుకున్న పెద్దాయన ఉన్నాడు. నా అవస్థ చూసి, "బిళ్ళని వెతక్కు. వాళ్ళ భుజాలు చూడు. అందరూ ఎటు ఒరిగితే అది అక్కడుంటుంది" అన్నాడు. అలా చూడటం మొదలుపెట్టాక ఆట మొత్తం తెరుచుకుందిరా. ఎవరు ఎక్కడికి వెళ్ళబోతున్నారో వెళ్ళకముందే తెలుస్తోంది. ముప్పావు నిమిషం ప్రాణం పెట్టి ఆడతారు, ఆట ఆగకుండానే గోడ దూకి బయటికి వచ్చేస్తారు, వాళ్ళ బదులు ఇంకొకళ్ళు దూకుతారు. ఇక ఆ చప్పుళ్ళు! స్కేట్లు మంచుని కోసే చప్పుడు, కర్ర తగిలిన టక్కు, మనిషి అద్దానికి గుద్దుకుంటే పై వరుస దాకా వచ్చే అదురు. ఇవేవీ టీవీలో రావు. కెమెరా పక్ వెంట పరిగెడుతుంది, మిగతా మంచంతా తెర బయటే ఉండిపోతుంది. అమెరికాలో ఫాక్స్ టీవీవాళ్ళు 1996లో పక్ లోపల పరికరాలు పెట్టి, తెర మీద అది నీలంగా మెరిసేలా చేశారు. జోరుగా కొడితే వెనక ఎర్రటి తోక కూడా. పాత అభిమానులకి అది అస్సలు నచ్చలేదు. 1998తో ఆగిపోయింది. ఆ ఇబ్బంది మాత్రం అలాగే ఉంది.

బాస్కెట్‌బాల్‌కి ఆ ఇబ్బంది లేదు కదా. పెద్ద బంతి, చిన్న కోర్టు, ఐదుగురు, ముఖాలు బయటికి కనపడతాయి. నెత్తి మీద హెల్మెట్ లేదు, ముఖానికి అడ్డం లేదు. స్టార్ అన్నవాడు 48 నిమిషాల్లో 35 దాకా కోర్టు మీదే ఉంటాడు. హాకీలో కానర్ మెక్‌డేవిడ్ అంతటివాడు 60 నిమిషాల ఆటలో మంచు మీద ఉండేది 22 నిమిషాలు. మిగతా సేపు బెంచీ మీద ఊపిరి తీసుకుంటూ ఉంటాడు. జనం మనుషుల్ని ప్రేమిస్తారురా, ఆ మనిషి ముఖం కనపడాలి కదా. అతని కోపం, నవ్వు, తప్పిపోయిన షాట్ తర్వాత ఆ చూపు, ఇవన్నీ ఎన్‌బీఏ ఉచితంగా ఇస్తుంది. ఎన్‌బీఏకి ప్రపంచంలో ఇంత పేరు రావడంలో సగం కారణం ఇదేనని నా నమ్మకం. మిగతా సగం ఏమిటంటే, ఒక బంతి, గోడకి ఒక రింగు ఉంటే చాలు, పిల్లలు ఆడేసుకుంటారు. హాకీకి స్కేట్లు, హెల్మెట్, ప్యాడ్లు, కర్ర, పైగా రింక్‌లో, అంటే మంచు మైదానంలో, గంట దొరకడం, తెల్లారకముందే పిల్లాణ్ణి కారెక్కించి తీసుకెళ్ళే తల్లిదండ్రులు ఉండాలి. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌కి ఎన్‌బీఏ స్టార్లు జోర్డాన్, మ్యాజిక్, బర్డ్ కలిసి వెళ్ళినప్పుడు వాళ్ళని చూసిన పిల్లలు మర్నాడే ఆడటం మొదలుపెట్టగలిగారు. హాకీలో అంత మేటి గ్రెట్జ్‌కీని చూసి ఎండదేశపు పిల్లాడు ఏం చేయగలడు?

ఏదో చెప్తూ ఎటో వెళ్ళాను. ఆ పెద్దాయన సంగతి కదా.

లీఫ్స్ చివరిసారి స్టాన్లీ కప్, అంటే ఎన్‌హెచ్ఎల్ విజేతకిచ్చే కప్, గెలిచింది 1967లో. ఆయన అప్పుడు చిన్నపిల్లాడు, నాన్న పక్కన కూర్చుని చూశాడట. మళ్ళీ రాలేదు. ఆ నాన్న పోయాడు, ఈయనకి జుట్టు నెరిసింది, కప్ రాలేదు. కెనడా మొత్తానికే 1993లో మాంట్రియల్ గెలిచిన తర్వాత రాలేదు. 2024లోనూ 2025లోనూ కెనడా జట్టు ఎడ్మంటన్ ఫైనల్ దాకా వెళ్ళి ఫ్లోరిడా చేతిలో ఓడింది. అలాంటి జట్టుకి సీట్లు ఎందుకు నిండుతాయి? ఆయన్నే అడిగాను. "మా ఇంట్లో ఇది ఎప్పుడూ ఉంది" అన్నాడు, అంతకుమించి చెప్పలేదు. నా గొంతు పట్టేసింది. కింది ఖరీదైన సీట్లలో విరామం అయ్యాక కూడా సగం మంది తిరిగి రాలేదు, అది చూసి ఆయన చిరాకు పడ్డాడు. నిజానికి రాప్టర్స్ ఆటలో గోల ఇంతకంటే చాలా ఎక్కువ. అక్కడి జనం వయసు కూడా తక్కువ. ఇంకో మాట, ఆయన మనవలు హాకీ చూడరట. 2019లో రాప్టర్స్ ఎన్‌బీఏ టైటిల్ గెలిచినప్పుడు ఆ మనవల్ని పట్టుకుని ఊరేగింపుకి వెళ్ళి, లక్షల మందిలో గంటలు గంటలు నిలబడ్డాడు. చెప్తూ ఆయన ముఖం వెలిగిపోయింది. ఆయనకి ఇందులో పోటీ ఏమీ లేదురా. మనకే ఉంది.

ఆట ఓవర్‌టైమ్‌కి వెళ్ళింది. గోల్‌కీపర్ కాక జట్టుకి ముగ్గురే ఆడతారు అప్పుడు, మంచంతా ఖాళీ. ఎవరో ఒకడు గోల్ కొట్టే దాకా కూర్చున్న మనిషి లేడు. గెలిచాం! ఆయన నన్ను కౌగిలించుకున్నాడు.  నువ్వుంటే పడిపోయేవాడివి నవ్వలేక.

నీ డబ్బు లెక్కకి ఇంకో జవాబుంది. కెనడాలో హాకీ టీవీ హక్కులు 2026-27 నుంచి 12 ఏళ్ళకి 1,100 కోట్ల కెనడా డాలర్లకి రోజర్స్ కంపెనీ తీసుకుంది. నాలుగు కోట్ల జనం ఉన్న దేశం! తల ఒక్కంటికి వేసి చూడు, అప్పుడు నీ ఎన్‌బీఏ ఒప్పందం అమెరికా జనాభాతో వేసి చూడు. కాల్‌క్యులేటర్ పక్కన పెట్టుకుని రాస్తున్నాను. మీదే కాస్త ముందుంది, పదకొండు రెట్లు మాత్రం ఎక్కడికో పోయాయి. అలాగని ఇక్కడ బాస్కెట్‌బాల్ పెరగడం లేదని కాదు. అప్పటి రాప్టర్స్ స్టార్ విన్స్ కార్టర్‌ని చూసి పెరిగిన పిల్లలు ఇప్పుడు ఆ లీగ్‌లో ఉన్నారు. అమెరికా తర్వాత ఎన్‌బీఏకి ఎక్కువమందిని పంపే దేశం ఇదే. 2025లో ఎంవీపీ, అంటే లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు, అయిన షే గిల్జియస్-అలెగ్జాండర్ టొరంటోలో పుట్టి, పక్కనున్న హామిల్టన్‌లో పెరిగాడు. అసలు ఆ ఆటని 1891లో కనిపెట్టిన నైస్మిత్ కూడా ఒంటారియోవాడే కదా, స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్ళి కనిపెట్టాడు.

మీ మావరిక్స్ స్టార్ లూకా సంగతి ఎత్తకూడదనుకున్నాను కానీ ఎత్తుతున్నాను. 2025 ఫిబ్రవరిలో అతన్ని లాస్ ఏంజెలిస్ జట్టు లేకర్స్‌కి పంపేసిన రాత్రి నువ్వు ఫోన్లో మాట్లాడలేకపోయావు. ఇక్కడివాళ్ళకి ఆ బాధ 1988 ఆగస్టులోనే తెలుసురా. ఎడ్మంటన్ గ్రెట్జ్‌కీని లాస్ ఏంజెలిస్‌కి ఇచ్చేసింది, ఆపమని పార్లమెంటు సభ్యుడొకాయన ప్రభుత్వాన్నే అడిగాడు. ఆ తర్వాతే కదా ఎండలుండే ఊళ్ళకి హాకీ జోరుగా వెళ్ళింది. సాన్ హోసే, టాంపా, అనాహైమ్, మయామి. 1993లో మిన్నెసోటా నుంచి మీ డాలస్‌కి స్టార్స్ వచ్చిందీ అప్పుడే. అదే ఏడాది ఎన్‌బీఏలో పనిచేసిన గ్యారీ బెట్‌మన్‌ని తెచ్చి ఎన్‌హెచ్ఎల్‌కి కమిషనర్‌గా పెట్టారు. మీ స్టార్స్ 2023, 2024, 2025 మూడేళ్ళూ వరసగా కాన్ఫరెన్స్ ఫైనల్, అంటే కప్ ఫైనల్‌కి ముందు మెట్టు, ఆడారు. ఒక్క ఆటైనా చూశావా? లూకా వెళ్ళిపోయాక నీకు ఆ హాలే వద్దన్నావు. మరి అదే హాల్లో ఇంకొకళ్ళు... సరే, ఇది ఫోన్లో మాట్లాడదాం.

ఇంకొక్కటి చెప్పేసి ఆపుతాను. ఎన్‌బీఏ తన మొదటి ఆటగా లెక్కపెట్టే ఆట 1946 నవంబర్ 1న ఈ ఊళ్ళోనే జరిగింది. టొరంటో హస్కీస్ మీద నిక్స్ 68-66తో గెలిచారు. ఎక్కడ ఆడారో ఊహించు. మేపుల్ లీఫ్ గార్డెన్స్‌లో! హాకీ హాలు! హాకీ లేని రాత్రులు హాళ్ళు ఖాళీగా ఉంటున్నాయని, హాళ్ళ యజమానులే కూర్చుని ఆ లీగ్ మొదలుపెట్టారు. మొదటి అధ్యక్షుడు మారిస్ పొడొలాఫ్ అప్పటికే ఒక హాకీ లీగ్ నడుపుతున్నాడు. హస్కీస్‌లో అందరికంటే పొడుగైన జార్జ్ నాస్ట్రాండ్, ఆరడుగుల ఎనిమిదంగుళాలు, అతని కంటే పొడుగున్నవాళ్ళకి ఆ రోజు టికెట్ ఉచితం.  ఆ భవనం ఇప్పటికీ ఉంది. కింద సూపర్‌మార్కెట్, పైన విశ్వవిద్యాలయం వాళ్ళ రింక్. సూపర్‌మార్కెట్ నేల మీద ఒకచోట ఎర్రటి చుక్క ఉంటుంది, పాత రింక్ నడిమధ్య అదే. జనం బండ్లు తోసుకుంటూ దాని మీంచి వెళ్ళిపోతున్నారు. నేను వెళ్ళి దాని మీద నిలబడ్డాను. నువ్వు వస్తే నిన్నూ నిలబెడతాను, ఫొటో తీస్తాను, ఆ తర్వాత

చంటిది లేచింది, ఏడుస్తోంది. మళ్ళీ జ్వరమేమో చూడాలి. స్టార్స్ ఆట ఒక్కటి చూసి రాయి, టీవీలో కాదు, వెళ్ళి.

నీ
రఘు