ప్రోబ్ కొనాల్నా వద్దా

హన్మకొండ

శీనుగా,

ఎట్లున్నవ్‌రా? షాపు మంచిగ నడుస్తున్నదా? వెలుగుతోని మాంసంల కొవ్వు కొలిచే ప్రోబ్ కొనాల్నా అని అడిగినవ్ గదా. ఫోన్ల చెప్తె సగం ఇంటవ్, సగం గిరాకి దిక్కు చూస్తవ్. అందుకే రాస్తున్న.

కరోనప్పుడు వేలికి పెట్టుకున్న ఆక్సీమీటర్ యాదికున్నదా? ఇది గూడ గా తీరే. కోసుడు లేదు, మందు పోసుడు లేదు. కంటికి కనవడని పరారుణ కాంతిని ముక్కలకు పంపి, మర్లి ఎంతొచ్చిందో చూస్తది. కొవ్వు 930 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం (అంటె కాంతి అల పొడుగు) దగ్గర కాంతిని గుంజుకుంటది, నీళ్లు 970 దగ్గర. లెక్కంత ఆడనే ఉన్నది. కొత్తదేం గాదు. అమెరికా వ్యవసాయ శాఖల పనిచేసిన కార్ల్ నోరిస్, ఇంకొకాయనతోని కలిసి 1968లనే మాంసంల కొవ్వు, నీళ్లు ఇట్ల కొలిచి చూపెట్టిండు.

అయితె ప్రోబ్‌కు కొవ్వంటె ఏందో తెల్వదురా. ముందుగాల ల్యాబుల చానా ముక్కలల్ల కొవ్వును ద్రావకంల కరిగిచ్చి శాతం తేల్చాలె. గవే ముక్కల మీద కాంతి పట్టి రెండు లెక్కలు జత చెయ్యాలె. పరాయి దేశపు పందుల మీద నేర్పిన మిషిని మన మేకపోతు మీద పెడితె ఏదో ఒక నంబరు చెప్తది, నమ్మేదెట్ల?

ఇంకోటి. కాంతి ముక్కలకు లోతుగ పోదు. మేకకేమో కొవ్వు తోలు కింద తక్కువ, కడుపుల, గుర్దల చుట్టు ఎక్కువ. మీదికెళ్లి చూసేదానికి అదెట్ల దొరుకుతది? మా సడ్డకుడు అంగడిల గొర్రె కొనేటప్పుడు ఏం జేస్తడో తెలుసా? పక్కటెముకల ఎనక, నడుము మీద బొటనవేలు పెట్టి నొక్కుతడు. బొక్క గుచ్చుకుంటె బక్కది, మెత్తగ తాకితె బలిసింది. పశువుల డాక్టర్లు గూడ గట్లనే తడిమి 1 నుంచి 5 దాక మార్కులేస్తరు.

నువ్వు ఖీమా బాగ అమ్మితె మాత్రం ముచ్చట వేరే. అంత కలిసిపోయి ఒక్క తీరుగ ఉంటది కాబట్టి కాంతి లెక్క మంచిగ కుదురుతది. గట్లైతె హైదరాబాద్ పోయినప్పుడు చెంగిచెర్లల జాతీయ మాంస పరిశోధన సంస్థల అడిగి రా, అమ్మేటోని మాట వట్టకు. ముక్కలు కొట్టిచ్చుకునేటోళ్ల కోసమైతె వద్దురా. “అన్నా, కొవ్వు తీసెయ్, నల్లి బొక్క ఒకటెయ్” అంటరు గని, శాతం ఎవడడుగుతడు?

వదినెను, పిల్లలను అడిగినట్టు చెప్పు.

నీ
రాజిగాడు