ఎన్నికల అధికారి గారికి బహిరంగ లేఖ: బూత్‌ల ఓట్లు కలిపి లెక్కించండి

గౌరవనీయులైన ఎన్నికల అధికారి గారికి నమస్కారం.

రెండు అర్జీలు ఇచ్చాను, జవాబు రాలేదు. అందుకే అందరి ముందూ రాస్తున్నాను.

బూత్‌వారీ లెక్కలు బయటపెట్టడంతో మా వీధులు ఎటు మొగ్గాయో గెలిచినవాళ్లకు ఇట్టే తెలిసిపోతోంది. తర్వాత మా పనులు ఆగిపోతున్నాయి. పోయినసారి పోలింగ్ రోజు పక్కింటి పెద్దావిడ స్లిప్పు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, "మనం ఎటు వేశామో తెలిసిపోతుందమ్మా, నాకు టెన్షన్‌గా ఉంది" అంటూ వెనక్కి తిరిగింది. ఆమెను ఆపింది భయమే. పోలింగ్ శాతం తగ్గిందని మమ్మల్ని నిందించేవాళ్లు అది చూడలేదు.

ఓటరు ఎవరికీ భయపడకూడదనే 1856లో ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో రహస్య బ్యాలెట్ తెచ్చారు. మనిషి ఓటు దాచి వీధి ఓటు బయటపెడితే ఆ రక్షణ సగమే.

వచ్చే ఎన్నికల్లో పలు బూత్‌ల ఓట్లను కలిపి లెక్కించే ఏర్పాటు చేయండి. అది మీ పరిధిలో లేకపోతే పై అధికారులకు సిఫారసు చేసి, ఆ సంగతి మాకు రాతపూర్వకంగా తెలపండి.

ఇట్లు,
ఒక ఓటరు