మీ రికార్డుల్లో పరిష్కారమైపోయిన నా ఫిర్యాదు గురించి

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

నమస్కారం. నా ఫిర్యాదు పరిష్కారమైందని, మీ సర్వీసుకి 5 స్టార్లు ఇవ్వమని నిన్న మెసేజ్ పంపారు. ఇక్కడ పరిష్కారమైంది ఏమీ లేదు కాబట్టి స్టార్లకు బదులు ఈ ఉత్తరం పంపుతున్నాను.

సమస్య రెండు ముక్కల్లో చెప్తాను. మీ ల్యాప్‌టాప్‌ని మీ మానిటర్‌కే హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపితే, ల్యాప్‌టాప్‌లో వాల్యూమ్ గీత బూడిద రంగుకి మారిపోయి ఇక కదలదు. సౌండ్ మాత్రం మానిటర్‌లోంచి ఫుల్లుగా వస్తుంది. తగ్గించాలంటే మానిటర్ వెనక చెయ్యి పెట్టి, శనగగింజంత బటన్ కోసం తడుముకోవాలి. కిందికి నొక్కబోయి వేలు కాస్త పక్కకి పోయిందా, స్క్రీనే ఆరిపోతుంది. మా ఆవిడ పడుకున్నాక వార్తలు పెట్టుకోవడం మానేశాను.

ఇక మీ వాళ్ల సంగతి. తెలుగు కోసం 3 నొక్కమంటే నొక్కాను. వచ్చినాయన హిందీలో మాట్లాడాడు. నా హిందీతో ఆయనా, ఆయన హిందీతో నేనూ కాసేపు అవస్థ పడ్డాక, రీస్టార్ట్ చేసి చూడమన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. కాకపోతే "సమస్యని ఫోటో తీసి పంపండి సార్" అంది. సౌండ్‌ని ఫోటో ఎలా తీస్తారమ్మా అంటే, "సిస్టమ్‌లో ఫోటో కంపల్సరీ సార్" అని జవాబు. సరే, ఆ బూడిద గీతనే ఫోటో తీసి పంపాను. ఫోటోలో లోపం కనిపించడం లేదని మెయిల్ వచ్చింది!

ల్యాప్‌టాప్ విభాగం వాళ్లు ఇది మానిటర్ సమస్య అన్నారు. మానిటర్ విభాగం వాళ్లు ల్యాప్‌టాప్ కంపెనీని అడగమన్నారు. అయ్యా, ఆ కంపెనీ కూడా మీరే అంటే, లైన్లో పెట్టి "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అనే పాట వినిపించారు. ఆ పాట సౌండైనా నా ఫోన్లో తగ్గించుకోగలిగాను, అంతవరకు సంతోషం.

చివరికి ఇంటికి ఒక కుర్రాడొచ్చాడు. ల్యాప్‌టాప్‌కి ఇయర్‌ఫోన్స్ పెట్టి, వాల్యూమ్ పెంచి తగ్గించి, "బాగానే ఉంది కదా అంకుల్" అన్నాడు. హెచ్‌డీఎంఐ కేబుల్ ముట్టుకోనే లేదు. వచ్చినట్టు ఆఫీసులో చూపించాలి, ఓటీపీ చెప్పమన్నాడు, చెప్పాను. అతను మెట్లు దిగకముందే ఫిర్యాదు క్లోజ్ అయిందని మెసేజ్. మీ కంపెనీలో ఇంత వేగంగా జరిగే పని ఇదొక్కటే అనుకుంటాను.

అసలు కారణం మా మేనల్లుడు పది నిమిషాల్లో చెప్పాడు. హెచ్‌డీఎంఐలో సౌండ్ డిజిటల్‌గా వెళ్తుందట. కొన్ని కంప్యూటర్లు దాన్ని తగ్గించకుండా పూర్తిగా పంపేసి, వాల్యూమ్ సంగతి అవతలి టీవీకో మానిటర్‌కో వదిలేస్తాయట. మానిటర్ వాల్యూమ్‌ని కంప్యూటర్ నుంచే మార్చడానికి డీడీసీ/సీఐ అనే ఏర్పాటు ఉందట. మీ మానిటర్ మెనూలో ఆ పేరు నేనే చూశాను. అదెలా వాడాలో చెప్పమని మెయిల్ పెడితే, "మీ సహనానికి ధన్యవాదాలు" అని వచ్చింది. ఏ సహనం?

మేం ఇలాగే తయారుచేశాం, దారి ఇది అని మీలో ఒక్కరు మొదటి రోజే చెప్పుంటే నేనసలు ఉత్తరమే రాసేవాణ్ణి కాదు. మా ఇంట్లో మొదటి కంప్యూటర్ మీదే. మా అమ్మాయి ఇంజినీరింగ్‌కి వెళ్తే కొన్నదీ మీదే. నా మాట విని మా అపార్ట్‌మెంట్లో ఎంతమంది మీ సరుకు కొన్నారో మీ రికార్డుల్లో ఉండదు. ఇకముందు కూడా నన్ను అడుగుతారు. ఏం చెప్పాలో మీరే తేల్చండి.

ఈ రెండు వస్తువులూ మీ వెబ్‌సైట్‌లోనే కొన్నాను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. విషయం తెలిసిన మనిషి చేత, తెలుగులో, నాతో మాట్లాడించండి. అది కుదరకపోతే మానిటర్ తీసుకెళ్లి డబ్బు వెనక్కి ఇవ్వండి. అదీ కాదంటారా, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, తర్వాత వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక నేనుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొన్నవాటికి ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. నేను రిటైరైనవాణ్ణి, నాకు బోలెడంత తీరిక ఉంది.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
కాకినాడ

తా.క.: మధ్యాహ్నం భోజనం అయ్యాక ఫోన్ చేయొద్దు, కాసేపు నడుం వాలుస్తాను. మనిషిని పంపితే మాత్రం సౌండ్ తగ్గేదాకా ఓటీపీ చెప్పను.