మా పిల్లల తాబేళ్ల లెక్క పుస్తకానికి తోడు నిలిచినవారికి కృతజ్ఞతలు

శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. ఈ జనవరి నుంచి ఏప్రిల్ వరకు మా ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఆలివ్ రిడ్లే తాబేళ్ల గూళ్లను గమనించి, వాటి వివరాలను ఒక పుస్తకంలో నమోదు చేశారు. ఆ పనికి తోడ్పడిన ప్రతి ఒక్కరి ఇంటికీ వచ్చి చెప్పుకోవలసిన మాటను, అందరినీ కలవలేకపోయినందున, ఇక్కడ రాస్తున్నాను.

మొదటి నమస్కారం మా ఊరి మత్స్యకారులకు. గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కిన తాబేలు జాడ ఏదో, తిరిగి నీళ్లలోకి దిగిన జాడ ఏదో నాకు తెలియదు. తెడ్ల వంటి కాళ్లతో తాబేలు ఇసుకను వెనక్కి నెడుతుంది కనుక, ఇసుక పోగుపడిన వైపును బట్టి అది ఎటు వెళ్లిందో చెప్పవచ్చునని పిల్లలకు చూపించినవారు, వారంతా తాతా అని పిలుచుకునే ఒక పెద్దాయన. ఆడ తాబేలు ఒక్కోసారి గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతుందనీ, జాడ కనిపించినంత మాత్రాన గూడు ఉన్నట్టు రాసుకోకూడదనీ ఆయన హెచ్చరించారు. ఆధారం చూడనిదే అంకె వేయకూడదని నేను తరగతి గదిలో ఏడాదంతా చెప్పినా ఒంటబట్టని సంగతి, పిల్లలకు ఆ ఇసుక మీద ఒక్క ఉదయంలో అర్థమైంది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యధిక రక్షణ పొందే జీవుల జాబితా అయిన మొదటి షెడ్యూలులో ఉన్న ఈ జీవుల గుడ్లను అనుమతి లేకుండా ఎవరూ ముట్టుకోరాదు. అటవీ శాఖ సిబ్బంది గుడ్లను తీసి కంచె వేసిన సంరక్షణ కేంద్రంలో పాతిపెడుతుంటే, పిల్లలు పక్కన నిలబడి లెక్క రాసుకున్నారు, గుంట లోతు కొలిచారు, తేదీ చీటీలు కట్టారు. ఒక్కో గూటిలో సుమారు వంద గుడ్లు ఉంటాయి. అవి పొదగడానికి నలభై ఐదు నుంచి అరవై రోజులు పడుతుంది. అన్ని రోజులూ పిల్లల ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెప్పిన ఆ సిబ్బందికి నేను రుణపడి ఉన్నాను.

వారికి మరొక కారణంగా కూడా కృతజ్ఞత చెప్పాలి. ఒక గూడు సంగతి తెలియజేయడంలో నేను ఆలస్యం చేశాను. పెట్టిన కొన్ని గంటలకే గుడ్డులోని పిండం పెంకు లోపలి పొరకు అంటుకుంటుంది. ఆ తరువాత గుడ్డును కదిలిస్తే, తిప్పితే, పిండం చనిపోయే ప్రమాదం ఉంది. ఆ గూటిలో చాలా గుడ్లు పొదగలేదు. ఆ సంగతిని పిల్లలకు తెలియనివ్వకుండా దాటవేయడం ఎంతో తేలిక. కానీ సిబ్బంది గడువు ముగిశాక గూడు తవ్వి, మిగిలిన గుడ్లను వారి ఎదుటే లెక్కపెట్టి, ఆ అంకెను కూడా పుస్తకంలో రాయించారు. కన్నీళ్లు పెట్టుకున్న ఒక అమ్మాయే ఆ పుట రాసింది. తాబేలు పిల్లలను సముద్రంలోకి వదిలిన రోజు తీసిన ఫొటోలన్నిటికంటే ఆ పుటను నేను విలువైనదిగా భావిస్తాను.

ఇసుక వేడి సుమారు 29, 30 డిగ్రీలకంటే పెరిగితే ఆడ తాబేళ్లు, తగ్గితే మగ తాబేళ్లు ఎక్కువగా పుడతాయని విశాఖపట్నం నుంచి వచ్చిన సముద్ర జీవశాస్త్ర అధ్యాపకురాలు వివరించారు. అయితే తాటాకుల నీడ వేస్తే ఏమవుతుందని ఒక బాలుడు అడిగినప్పుడు, ఆమె జవాబు చెప్పకుండా, గుడ్లు లేని ఖాళీ గుంటల్లో కొలిచి చూడమన్నారు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా పూర్వ విద్యార్థి పంపిన థర్మామీటర్లతో పిల్లలు ఎండలోనూ నీడలోనూ, పైనా అడుగున్నర లోతునా ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం కొలిచారు. పైన ఇసుక కాళ్లు కాలేంతగా వేడెక్కినా, లోతున రోజంతా అంకె పెద్దగా మారకపోవడం చూసి తామే ఆశ్చర్యపోయారు. జవాబును అలా పిల్లల చేతికే వదిలిపెట్టినందుకు ఆ అధ్యాపకురాలికి ప్రత్యేక వందనాలు.

ఒడ్డుకు కొట్టుకొచ్చిన చనిపోయిన తాబేళ్ల గురించి అడిగినప్పుడు, ఒక బోటు యజమాని కూడా దాపరికం లేకుండా మాట్లాడారు. ఊపిరి కోసం నీటిపైకి రావలసిన తాబేలు, బోటు వెనుక నీటిలో లాగే ట్రాలు వలలో చిక్కితే చనిపోతుందనీ, అది తప్పించుకునే దారి ఉన్న పరికరాన్ని వలకు అమర్చవచ్చుననీ, అయితే ఆ దారిన కొంత చేప కూడా పోతుందన్న భయం వేటకు వెళ్లేవారిలో ఉందనీ ఆయన చెప్పారు. పిల్లలు అన్నీ రాసుకున్నారు.

తెల్లవారకముందే ఆడపిల్లలను తీరానికి పంపిన తల్లిదండ్రులకు, వారి వెంట నడిచిన అమ్మమ్మలకు, గూటి నుంచి వెలువడిన తాబేలు పిల్లలు వెలుగును చూసి దారి తప్పుతాయని తెలిసి రాత్రిళ్లు బయటి దీపాలు ఆర్పిన తీరపు ఇళ్లవారికి, ప్రతి ఉదయం పిల్లలకు పాలు కాచి ఇచ్చి డబ్బు తీసుకోని టీ దుకాణం అక్కకు నా నమస్కారాలు.

పుస్తకం ఒక ప్రతి అటవీ శాఖకు ఇచ్చాము, రెండవది మా సైన్సు గదిలో ఉంది. గూడును మొదట చూసినవారి పేరు రాసేందుకు అందులో ఒక గడి ఉంది. మీ పేరు తప్పుగా పడి ఉంటే దయచేసి వచ్చి పిల్లల చేత సరిచేయించవలసిందిగా కోరుతున్నాను.