పదేళ్ళ పిల్లల చేత హెడింగ్ కొట్టించకండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం పొద్దున మా అబ్బాయిని ఫుట్‌బాల్ కోచింగ్‌కి తీసుకెళ్ళి, గ్రౌండ్ పక్కన గట్టు మీద కూర్చున్నాను. వాడికి పదేళ్ళు. కోచ్ గారు పిల్లల్ని వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరికీ బంతి పైకి విసిరి హెడింగ్, అంటే బంతిని తలతో కొట్టడం, నేర్పిస్తున్నారు. "కళ్ళు మూసుకోకు, మెడ బిగించు, నుదుటితో కొట్టు" అని కేకలు. మావాడి వంతు వచ్చిన ప్రతిసారీ లెక్కపెట్టాను. అరగంటలో ఇరవై ఆరు సార్లు. ఇంటికి వస్తూ బండి మీద వెనక కూర్చుని "నాన్నా, తల దిమ్ముగా ఉంది" అన్నాడు. మధ్యాహ్నానికి మామూలుగానే ఆడుకున్నాడు కానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు జెఫ్ ఆస్టిల్‌కి ఏం జరిగిందో నాకు తెలుసు, అందుకు.

ఆ పేరు మన పాఠకుల్లో చాలామంది విని ఉండరు. ఆయన 1942లో ఇంగ్లండ్‌లోని ఈస్ట్‌వుడ్ అనే బొగ్గుగనుల ఊళ్ళో పుట్టాడు. నాట్స్ కౌంటీ జట్టులో ఆట మొదలుపెట్టి, 1964లో 25,000 పౌండ్లకు వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్‌కి మారాడు. ఆ క్లబ్ తరఫున 361 మ్యాచ్‌ల్లో 174 గోల్స్ చేశాడు. అక్కడి అభిమానులు ఆయన్ని 'కింగ్' అనే పిలిచేవారు. ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ అయిన ఎఫ్‌ఏ కప్‌లో 1968లో ప్రతి రౌండ్‌లోనూ గోల్ కొట్టాడు. లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఎవర్టన్ క్లబ్‌తో జరిగిన ఫైనల్ అదనపు సమయానికి వెళ్ళింది. కుడికాలితో కొట్టిన బంతి అవతలివాళ్ళకి తగిలి వెనక్కి వస్తే, ఆగకుండా ఎడమకాలితో నెట్‌లోకి పంపాడు. ఆ మ్యాచ్‌లో అదొక్కటే గోల్. 1969-70 సీజన్‌లో 25 గోల్స్‌తో, అప్పట్లో ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగ్ అయిన ఫస్ట్ డివిజన్‌లో అందరికన్నా ముందున్నాడు. అయినా 1970లో మెక్సికో ప్రపంచకప్‌లో బ్రెజిల్ మీద ఆయన వదిలేసిన ఒక్క అవకాశాన్నే చాలామంది గుర్తుపెట్టుకున్నారు. అది అన్యాయమని నా అభిప్రాయం.

కప్ గెలిపించింది కాలే అయినా, ఆయనకి పేరు తెచ్చింది తల. పక్కనుంచి గాల్లో లేచివచ్చే బంతిని ఎగిరి తలతో కొట్టడంలో ఆ రోజుల్లో ఆయనకి సాటి వచ్చేవాళ్ళు తక్కువ. అప్పటి బంతులు తోలువి. ఇంగ్లండ్ వానల్లో తడిసి, నీళ్ళు పీల్చుకుని బరువెక్కేవి. మ్యాచ్‌లో హెడింగ్‌లు కొన్నే ఉంటాయి. ప్రాక్టీస్‌లో మాత్రం ఏళ్ళ తరబడి, మళ్ళీ మళ్ళీ అదే దెబ్బ.

ఆట మానేశాక క్లీనింగ్ వ్యాపారం పెట్టుకుని బతికాడు. యాభైల్లోకి వచ్చాక మతిమరుపు మొదలైంది. అది ముదిరి ముదిరి, తన ఆట తనకే గుర్తు లేని స్థితికి చేరాడు. 2002 జనవరిలో కూతురి ఇంట్లో ఊపిరాడక చనిపోయాడు. అప్పటికి వయసు 59. మరణకారణం తేల్చే కరోనర్ ఆ ఏడాది నవంబరులో ఇచ్చిన తీర్పు ఏమిటంటే, బంతిని పదేపదే తలతో కొట్టడంతో, అంటే వృత్తి వల్ల వచ్చిన జబ్బు అని. మన దగ్గర క్వారీలో రాళ్ళు కొట్టే కూలీకి రాతిదుమ్ముతో ఊపిరితిత్తులు దెబ్బతినే సిలికోసిస్ వస్తే ఏమంటామో, అదే మాట ఒక ఫుట్‌బాల్ ఆటగాడి విషయంలో అన్నారు. ఆట ఇచ్చినదంతా ఆటే తిరిగి లాగేసుకుందని ఆయన కూతురు డాన్ బాధపడింది.

ఆ తీర్పు తర్వాత కూడా ఆట పెద్దలు కదలడానికి చాలా ఏళ్ళు పట్టింది. 2014లో గ్లాస్గో డాక్టరు విల్లీ స్టీవర్ట్, భద్రపరచి ఉన్న ఆస్టిల్ మెదడును మళ్ళీ పరీక్షించి, బాక్సర్లలో కనిపించే సీటీఈ అనే జబ్బు అని తేల్చాడు. తలకి పదేపదే తగిలే దెబ్బలతో వచ్చే జబ్బు అది. 2019లో అదే డాక్టరు బృందం స్కాట్లండ్‌కి చెందిన 7,676 మంది మాజీ ప్రొఫెషనల్ ఆటగాళ్ళ రికార్డులు తిరగేసింది. మామూలు జనంతో పోలిస్తే మెదడు క్షీణించే జబ్బులతో చనిపోయే ప్రమాదం వీళ్ళకి మూడున్నర రెట్లు ఉందని తేలింది. 2021లో ఏ స్థానంలో ఆడినవాళ్ళో విడదీసి చూస్తే, డిఫెండర్లకి ముప్పు ఐదు రెట్ల దాకా ఉంది. గోల్‌కీపర్లకి మామూలు జనంతో చెప్పుకోదగ్గ తేడా లేదు. బంతిని చేత్తో పట్టుకునేవాడికి లేని ముప్పు తలతో కొట్టేవాడికి ఎందుకుంది? 1966లో ప్రపంచకప్ గెలిచిన ఇంగ్లండ్ జట్టు పదకొండు మందిలో రే విల్సన్, మార్టిన్ పీటర్స్, నాబీ స్టైల్స్, జాక్ చార్ల్‌టన్, బాబీ చార్ల్‌టన్, మొత్తం ఐదుగురు డిమెన్షియా (మతిమరుపు జబ్బు) బారిన పడ్డారు.

నేను కోచ్ గారితో మాట్లాడాను. మంచి మనిషి, పిల్లలంటే ప్రేమ ఉన్నవాడు. "మేమూ ఇలాగే నేర్చుకున్నాం సర్, మాకేం కాలేదు. ఇప్పటి బంతులు తేలిక" అన్నారు. ఏమైందో తెలిసేది అరవై దాటాక కదా! బంతి సంగతికొస్తే, పొడి బంతి బరువు 410 నుంచి 450 గ్రాములు ఉండాలన్న నిబంధన 1937 నుంచీ దాదాపు అదే. ఇప్పటి బంతి నీళ్ళు పీల్చుకోదు, నిజమే. వేగం మాత్రం తక్కువేమీ కాదు.

పిల్లల్ని ఫుట్‌బాల్ మాన్పించమని నేను చెప్పడం లేదు. గుండెజబ్బుతో చనిపోయేవాళ్ళు ఆటగాళ్ళలో తక్కువని ఆ 2019 అధ్యయనమే చెప్పింది. మావాడు ఆడాలి, బాగా ఆడాలి. కానీ ఇంగ్లండ్‌లో 2020 నుంచి ప్రైమరీ స్కూలు వయసు పిల్లలకి ప్రాక్టీస్‌లో హెడింగ్ నేర్పడం లేదు. 2024-25 నుంచి ఆ వయసువాళ్ళ మ్యాచ్‌ల్లో కూడా దశలవారీగా తీసేస్తున్నారు. అమెరికాలో పదేళ్ళు, అంతకన్నా తక్కువ వయసువాళ్ళకి 2015లోనే వద్దన్నారు. ఆట ఆగిపోలేదు కదా.

మన హైదరాబాద్‌కి ఫుట్‌బాల్ కొత్త కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన భారత జట్టుకి కోచ్ రహీం సాబ్ ఇక్కడివారే. కుర్రాళ్ళు బలం తక్కువ ఉన్న కాలితోనే ఆడాలంటూ ఆయన పోటీలు పెట్టేవారట. పదేళ్ళ పిల్లవాడికి నేర్పాల్సింది అలాంటివి. రెండు కాళ్ళూ, పాసింగ్, బంతిని ఆపడం ఒంటబట్టడానికే ఆ వయసు చాలదు.

రెండు తెలుగు రాష్ట్రాల క్రీడా, విద్యాశాఖలు పన్నెండేళ్ళలోపు పిల్లలకి హెడింగ్ ప్రాక్టీస్ వద్దని స్కూళ్ళకీ అకాడమీలకీ సర్క్యులర్ పంపాలి. ఒక్క పేజీ చాలు, ఖర్చు లేదు. పిల్లలకి దెబ్బ తగిలి తల తిరుగుతోందంటే ఆ రోజు ఆట ఆపించాలని కూడా అందులో రాయాలి. కోచింగ్‌కి ఫీజు కట్టే తల్లిదండ్రులు గట్టు మీద కూర్చుని ఫోన్ చూసుకోకుండా, వరసలో నిలబెట్టి ఏం చేయిస్తున్నారో ఒకసారి చూడండి. అడగండి.

సర్క్యులర్ వచ్చేదాకా నేను ఆగలేను. వచ్చే ఆదివారం మావాడు హెడింగ్ వరసలో నిలబడడని కోచ్ గారికి చెప్పేశాను. కాసేపు ఆలోచించి, "సరే సర్, వాడికి ఎడమకాలు ప్రాక్టీస్ పెడతాను" అన్నారు.

ఇట్లు,
ఒక తండ్రి, సికింద్రాబాద్